ఆదాం లెక్కలో ఉన్నాడు

సత్తెనపల్లిలో మోటారు వైండింగ్ చేసే ఆదాంకి ఒకటే అలవాటు. రాగి తీగ చుట్టేటప్పుడు వాణ్ణి ఎవరైనా ఒక ప్రశ్న అడిగారంటే, ఆ ప్రశ్నకు నిదానంగా, పూర్తిగా జవాబు చెప్పి, అప్పటిదాకా చుట్టిందంతా విప్పేసి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతాడు. అడిగింది ఎంత పెద్దమనిషైనా అంతే, టీ కొట్టు బాలు అయినా అంతే. నూట ఇరవై ఆరు చుట్ల సెట్టులో నూట ఇరవై అయిదో చుట్టు దగ్గర అడిగినా అంతే.

ఇంత ఖాయంగా ఎలా చెబుతున్నానంటే, వాడు ఎనిమిదేళ్లుగా కూర్చుని చుట్టింది నా షాపులోనే. మార్కెట్ యార్డుకు వెళ్లే దారిలో పసుప్పచ్చ అక్షరాలతో ‘లాల్ అహ్మద్ మోటార్ వైండింగ్ వర్క్స్’ అనే బోర్డు కనిపిస్తే అది నాదే. చుట్టుపక్కల మిరప చేలల్లో, పత్తి చేలల్లో నీళ్లు తోడీ తోడీ కాలిపోయిన మోటార్లకు లోపలి తీగంతా పీకి కొత్త తీగ కట్టడం నా వృత్తి. ముప్పై ఏళ్ల నుంచీ అదే పని.

ఈ ఊళ్లో వైండింగ్ షాపులు ఏడున్నాయి. ఆదాం ఏడింట్లో నా షాపు ముందుకే వచ్చి నిలబడ్డాడు. పనితనం ఎక్కడుందో వాడికి ఇట్టే తెలిసిపోయిందని నేను ఎనిమిదేళ్లపాటు ఊరంతా చెప్పుకున్నాను. పెళ్లిళ్లలో చెప్పుకున్నాను, బస్సుల్లో పక్క సీటు వాళ్లకు చెప్పుకున్నాను. నా భార్య నస్రత్ అయితే ఆ మాట మొదలుపెట్టగానే అన్నం గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయేది. ఆ గొప్ప చివరికి ఏమైందో కూడా చెబుతాను, దాచను.

ముందు ఒక సంగతి స్పష్టం చేయాలి. చప్పుడు ఆదాంని ఏమీ చేయదు. లారీ హారను కొట్టినా, పక్క సందులో పెళ్లి మేళం వాయించినా, నేను అరిచినా వాడి చెయ్యి ఆగదు. ప్రశ్న అడిగితేనే చిక్కు. మనబోటి వాళ్లు సగం ప్రశ్నలకు ఊఁ అనేసి ఊరుకుంటాం. వాడికి ఆ విద్య రాదు. ఎవరైనా ఒక మాట అడిగారంటే వాళ్లకు జవాబు కావాలనే కదా అడిగారని వాడి నమ్మకం. బాలు ఒకసారి పలకరింపుగా ‘ఏరా, ఎండ ఎట్టా ఉంది?’ అన్నాడు. ఆదాం ఆ వారంలో ఏ రోజు ఎండ ఎట్టా ఉందో సోమవారం నుంచి చెప్పుకొచ్చాడు. అవతల బాలు కొట్లో పాలు పొంగిపోయాయి.

వాణ్ణి పెంచింది వాళ్ల అమ్మమ్మ ఎలీసమ్మ. మిరపకాయ కోతకు, తొడిమలు తీయడానికి కూలికి వెళ్లే మనిషి. తల్లీతండ్రీ లేని పిల్లవాణ్ణి చంకన వేసుకుని చేలకు తీసుకెళ్లి గట్టు మీద కూర్చోబెడితే, వాడు ఏడవకుండా మిరప సాళ్లు లెక్కపెట్టుకుంటూ ఉండేవాడట. బడిలో వేస్తే కిటికీ ఊచలు లెక్కపెట్టాడు. మాస్టార్లు వాడికి చదువు అబ్బదన్నారు.

చర్చిలో అయితే పాస్టరు గారు ప్రసంగంలో ‘ప్రియ సహోదరులారా’ అని ఎన్నిసార్లు అన్నారో లెక్కపెట్టేవాడు. ఆరాధన అయ్యాక ఆయన గుమ్మం దగ్గర అందరితో చేతులు కలుపుతుంటే, ‘ఇవాళ నలభై ఒకటి. పోయిన వారం ముప్పై ఎనిమిది’ అని అప్పజెప్పేవాడు. పాస్టరు గారు మంచాయన కాబట్టి కోప్పడలేదు, నెల తిరిగేసరికి పదహారుకు తగ్గించారు. దాంతోపాటు ప్రసంగం కూడా తగ్గి, జనం ఎండ ముదరకముందే ఇళ్లకు చేరడం మొదలుపెట్టారు.

పదహారో ఏట ఎలీసమ్మ వాణ్ణి గుంటూరు తీసుకెళ్లి బ్రాడీపేటలో ఒక డాక్టరమ్మకు చూపించింది. ఆవిడ పిల్లవాడితో చాలాసేపు కూర్చుని, దీన్ని ఆటిజం అంటారని, ఇది జబ్బు కాదని, పుట్టుకతో వచ్చిన స్వభావమని, మందు లేదని చెప్పింది.

“గంటన్నర బస్సులో నిలబడి వచ్చానమ్మా. మందు లేదంటే ఎట్టా?” అంది ఎలీసమ్మ.

“నీ మనవడి మనసు ఒకేచోట గట్టిగా నిలబడుతుంది మామ్మా. అందరికీ అట్లా నిలబడదు. అది నిలబడే చోటేదో మంచిది చూసి పెట్టు, చాలు.” ఇంతా చెప్పి, ముసలావిడ ముఖం చూసి జాలేసి ఒక బలం టానిక్కు రాసిచ్చింది. ఆ టానిక్కు ఎలీసమ్మే తాగింది.

ఆ రోజు తిరుగు ప్రయాణంలో, బస్టాండు నుంచి నడిచి వస్తూ ఆదాం నా షాపు ముందు ఆగిపోయాడు. బోర్డు పైకి మూడుసార్లు చదివాడు. అమ్మమ్మ చెయ్యి పట్టి లాగినా కదల్లేదు. నేను చుట్టడం చూస్తూ సాయంత్రం దాకా నిలబడ్డాడు. ఎలీసమ్మ నాకు డాక్టరమ్మ మాటలన్నీ చెప్పింది. నాది పెద్ద మనసు కాబట్టి పనిలో పెట్టుకున్నాను. నా నోటికి జడిసి నా దగ్గర ఎవరూ పనికి నిలవని రోజులవి అన్నది కూడా నిజమే.

మొదటి రోజు వాడికి పాత మోటార్ల తీగ విప్పే పని ఇచ్చాను. మధ్యాహ్నానికి మూడు సెట్లు విప్పి, నలుగురు రైతులు కూర్చుని ఉండగా నా దగ్గరికి వచ్చాడు.

“బాబాయ్, ఈ మూడూ ఒకే లెక్క ఉండాలా?”

“ఉండాలి. నూట ఇరవై ఆరు.”

“ఒకటి నూట ఇరవై. ఒకటి నూట ఇరవై మూడు. ఒకటి నూట పద్దెనిమిది. మూడూ మీరు కట్టినవే.”

“ఏం కాదులే” అన్నాను.

ఈ ‘ఏం కాదులే’ నా ఊతపదం. దాంతోనే ముప్పై ఏళ్లు షాపు నడిపాను. చుట్లు తగ్గితే మోటారు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుందని నాకు తెలియక కాదు. తీగ చాలకపోతేనో, భోజనం వేళ దాటిపోతేనో ఆ మాట దానంతట అదే నోట్లోకి వచ్చేది. నలుగురు రైతుల్లో ఇద్దరు ఆ పూటే తమ మోటార్లు తీసుకుని పక్క షాపుకు వెళ్లిపోయారు.

తీగ చుట్టే చక్రానికి చుట్లు చూపించే మీటరు ఉంటుంది. ఆదాం దాన్ని నమ్మడు. అది అప్పుడప్పుడు ఒక పన్ను జారుతుందని మూడో రోజే పట్టుకున్నాడు. తనే మనసులో లెక్కపెట్టుకుంటాడు. పోనీ, మధ్యలో ఎవరైనా పలకరిస్తే ఆగిన అంకె గుర్తుపెట్టుకుని అక్కడి నుంచి చుట్టొచ్చు కదా అని నచ్చజెప్పాను. “అనుమానం ఉన్న చుట్టు చుట్టు కాదు బాబాయ్” అని విప్పడం మొదలుపెట్టాడు. నచ్చజెప్పడానికి నేను కూడా ప్రశ్నే అడిగానని తర్వాత తెలిసింది.

ఏడాది తిరిగేసరికి మా షాపులో కట్టిన మోటార్లు తిరిగి రావడం మానేశాయి. వైండింగ్ షాపు వాడికి ఇంతకంటే దిగులు ఉండదు. కానీ ఆ మాట పాకి, నరసరావుపేట నుంచి, ఒంగోలు వైపు నుంచి కూడా ఆటోల్లో మోటార్లు వేసుకుని రావడం మొదలుపెట్టారు.

ఆ వచ్చినవాళ్లందరూ ప్రశ్నలు అడిగేవాళ్లే. నాది ఎప్పుడవుతుంది, ఎంతలో అవుతుంది, ఈ ఊళ్లో మంచి భోజనం ఎక్కడ దొరుకుతుంది. ఆదాం అన్నిటికీ జవాబు చెప్పేవాడు, అన్నిసార్లూ విప్పేవాడు. ఒక మోటారు నాలుగు రోజులు పట్టింది. ఇక లాభం లేదని ఒక పలక కొని, దాని మీద ‘ఆదాం లెక్కలో ఉన్నాడు. ఏమీ అడగవద్దు’ అని రాసి వాడి బల్ల ముందు వేలాడదీశాను. మెల్లమెల్లగా బజారంతా అలవాటు పడింది. బాలు టీ తాగుతావా అని అడగడం మానేసి, ఇదిగో టీ అని పెట్టి వెళ్లేవాడు. ఆ అలవాటు బాలుకు ఎంత ముదిరిందంటే ఇంట్లో కూడా ఏమీ అడగడం మానేశాడు. మొగుడు కూర ఏమిటని కూడా అడగకుండా తింటున్నాడని వాళ్లావిడ భయపడి తాయెత్తు కట్టించింది.

పలక చదవని వాళ్లూ ఉంటారు. పోయిన ఎన్నికల్లో ఒక అభ్యర్థి మందీ మార్బలంతో బజారులో తిరుగుతూ ఆదాం భుజం మీద చెయ్యేసి, ‘ఏం తమ్ముడూ, ఓటు మాకేనా?’ అన్నాడు. ఆదాం చక్రం ఆపాడు. తనకు ఇంకా నిర్ణయం కాలేదని, పోయినసారి ఆయన ఇచ్చిన హామీలు తొమ్మిదని, అందులో అయినవి రెండని, మిగిలిన ఏడూ ఏవేవో వరుసగా చెప్పాడు. వెనక డప్పులు ఆగిపోయాయి. ఆ పెద్దమనిషి చెమట తుడుచుకుని, నవ్వుతూనే వెళ్లిపోయాడు. ఆదాం ఎనభై ఎనిమిది చుట్లు విప్పుకున్నాడు.

వాడితో ఇంకో తలనొప్పి ఉండేది. మోటారు తయారయ్యాక దాని ఒంటి మీద మా షాపు పేరు, రైతు పేరు పసుప్పచ్చ రంగుతో రాయడం మా పద్ధతి. లేకపోతే ఎవరి మోటారు ఎవరిదో కలిసిపోతాయి. ఆదాం రైతు పేరు రాసి ఊరుకోడు. దాని కింద సన్నని అక్షరాలతో ఆడవాళ్ల పేర్లు రాస్తాడు. ఒకదాని మీద నాలుగు, ఒకదాని మీద పది. ఏదో చాదస్తం అనుకుని నేను గుడ్డ పెట్టి తుడిచేసేవాణ్ణి. నేను భోజనానికి వెళ్లి వచ్చేలోపు మళ్లీ రాసేవాడు.

దీనివల్ల కాపురాల్లో గొడవలు వచ్చాయి. కొమెరపూడి వెళ్లే దారిలో వెంకటనారాయణ గారికి నాలుగెకరాల మిరప చేను ఉంది. ఆయన భార్య సుబ్బరావమ్మ గారు ఒకనాడు బోరు దగ్గరికి వెళ్లి మోటారు మీద భర్త పేరు, దాని కింద ‘రెబ్కా’ అన్న పేరు చూసింది. రెబ్కా తర్వాత ఇంకా పది పేర్లున్నాయి కానీ ఆవిడ అంతవరకు చదవలేదు. వెంకటనారాయణ గారు వారం రోజులు బాలు టీ కొట్టులో బన్ను తిని బతికారు. అంత జరిగినా ఆ పేర్లు ఎందుకు రాస్తున్నావని ఎవరూ ఆదాంని అడగలేదు. వాణ్ణి ఏమీ అడక్కూడదని పలక చెబుతోంది కదా.

ఇట్లా రోజులు గడుస్తుండగా ఎలీసమ్మకు మోకాళ్లు పట్టేశాయి. కోతకు వెళితే సాలులో అందరికంటే వెనకబడిపోతోంది. నాకా అరవై దగ్గర పడుతోంది, కళ్లు మసకబారుతున్నాయి, నా తర్వాత షాపు నడిపేవాళ్లు లేరు. ఒకరోజు ఆవిడ బల్ల మీద కూర్చుని, “లాల్ భాయ్, నేను పోయాక వాడు ఎవరి గుమ్మం ముందూ నిలబడకూడదయ్యా. నా కళ్లతో అది చూసి పోతా” అంది. నాకు ఆ పూట అన్నం సహించలేదు.

గుంటూరు శివార్లలో మిర్చి టిక్కీ బస్తాలు దాచే కోల్డ్ స్టోరేజీలు మూడున్న ఒక కంపెనీ ఉంది. దాని మేనేజరు వీరాంజనేయులు గారిని ఎవరి ద్వారానో పట్టుకున్నాను. వాళ్లకు మోటార్లు బోలెడు. సొంతంగా ఒక వైండింగ్ మనిషి కావాలి. నెల జీతం, ఉండటానికి గది. మా ఆదాం గురించి ఫోనులో అరగంట చెప్పాను. పని మధ్యలో మాత్రం ప్రశ్నలు అడగవద్దన్నాను. “ఇంటర్వ్యూ అంటేనే ప్రశ్నలు కదండీ” అని ఆయన నవ్వారు. ఫిబ్రవరిలో ఒక గురువారం పొద్దున పదింటికి స్వయంగా వస్తానన్నారు. ఆ రోజు పనేమీ పెట్టుకోకుండా ఆదాంని ఖాళీగా కూర్చోబెట్టాలని నా ఏర్పాటు.

గురువారం ఎనిమిదింటికి ఎలీసమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని, బైబిలు ఒళ్లో పెట్టుకుని షాపు బల్ల మీద కూర్చుంది. ఎనిమిదింబావుకు వెంకటనారాయణ గారు ఆటోలో కాలిపోయిన మోటారు వేసుకుని దిగారు. ముందురోజు వాళ్ల లైనులో కరెంటు ఎక్కువతక్కువై మూడు మోటార్లు పోయాయట. కాలవ కట్టేసి వారమైంది, చేను బోరు మీదే బతుకుతోంది. రెండో కోతకు రావాల్సిన పూతా పిందే రాలిపోతున్నాయి. రేపు పొద్దున కరెంటు ఇచ్చేసరికి మోటారు బిగించి ఉండాలి. ఇంకొక్క రోజు దాటితే చేను తేరుకోదు.

రేపు కడతామని నేను అనేలోపే ఆదాం ఆ మోటారు విప్పి కూర్చున్నాడు.

పన్నెండు సెట్లలో ఆరు అయ్యాక, పదిన్నరకు కారులోంచి వీరాంజనేయులు గారు దిగారు. చేతిలో ఫైలు. ఆయన పలక చదివారు, చదివి నవ్వారు, కుర్చీ లాక్కుని ఆదాం ఎదురుగా కూర్చున్నారు. ఏడో సెట్టు అరవై మూడో చుట్టులో ఉంది.

“నీ పేరేంటి బాబూ?”

ఆదాం పేరు చెప్పాడు. ఆ పేరు అమ్మమ్మ పెట్టిందని, పెట్టిన రోజు వాన పడిందని, అప్పటి పాస్టరు గారు ఎవరో చెప్పాడు. అరవై మూడు చుట్లు విప్పాడు. ముప్పయ్యో చుట్టు దగ్గర ఆయన చదువు గురించి అడిగారు. చదువు కథ అయ్యాక, తొంభయ్యో చుట్టు దగ్గర, మోటారు ఎందుకు కాలుతుందో చెప్పమన్నారు. అది ఆదాంకి నచ్చిన ప్రశ్న. పదకొండు కారణాలు, ఒక్కోదానికీ ఏ ఊళ్లో ఎవరి మోటారు ఆ కారణంతో కాలిందో సహా, ముక్కాలు గంట చెప్పాడు. మేనేజరు గారు మెచ్చుకోలుగా తల ఊపుతూ ఫైలులో రాసుకున్నారు. ఎలీసమ్మ ముఖం వెలిగింది.

వెంకటనారాయణ గారి ముఖం మాత్రం నల్లబడింది. ఆయన గుమ్మంలో నిలబడి ఒకసారి ఎండను చూస్తారు, ఒకసారి చక్రాన్ని చూస్తారు. పన్నెండయ్యేసరికి ఏడో సెట్టు ఇంకా ఏడో సెట్టుగానే ఉంది. మేనేజరు గారు కాగితం తిప్పి ఇంకో ఇరవై ప్రశ్నలున్నాయన్నారు. నాకు ఎటు పోవాలో తెలియలేదు. ప్రశ్నలు ఆపితే ఉద్యోగం పోతుంది, సాగితే చేను పోతుంది. నేను పిల్లవాడి వైపు మొగ్గాను. వెంకటనారాయణ గారి చెవిలో, “ఏం కాదులే, రేపు చూద్దాం” అన్నాను.

చెవిలో అన్నదే అయినా ఆదాంకి వినిపించింది. వాడు చక్రం ఆపాడు. ఎవరూ ఏమీ అడగలేదు, అయినా ఆపాడు. ఎనిమిదేళ్లలో అట్లా ఆపడం నేను చూడలేదు. లేచి నిలబడి, మేనేజరు గారి చొక్కా గుండీల వైపు చూస్తూ అన్నాడు.

“మీరు రేపు రండి సార్. మీ ప్రశ్నలకు రేపు ఉంది. మిరప చేనుకు రేపు లేదు.”

వీరాంజనేయులు గారు ఫైలు మూసి లేచారు. నేను వెంటపడ్డాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, బాలు కొట్టు దగ్గర ఆగి ఒక టీ తాగి, కారెక్కి వెళ్లిపోయారు.

నాకు ఒళ్లు మండిపోయింది. కానీ వాడు మళ్లీ చక్రం ముందు కూర్చున్నాడు కాబట్టి తిట్లలో కూడా ప్రశ్న రాకుండా చూసుకోవాల్సి వచ్చింది. ‘నీకు బుద్ధుందా?’ అనడానికి వీల్లేదు. ‘నీకు బుద్ధి లేదు’ అన్నాను. ‘ముసలిదాని ఆశ నేలపాలు చేశావు’ అన్నాను. అట్లా తిట్టడం ఎంత కష్టమో తిట్టినవాడికే తెలుస్తుంది. పది నిమిషాలకే అలసిపోయి కూర్చున్నాను. ఎలీసమ్మ బైబిలు మూసి కళ్లద్దాలు తుడుచుకుంది.

నాలుగింటికి మోటారు తయారైంది. పరీక్ష చేస్తే చప్పుడు లేకుండా తిరిగింది. ఆదాం పసుప్పచ్చ రంగు డబ్బా తెచ్చుకుని వెంకటనారాయణ గారి పేరు రాశాడు. దాని కింద సన్నగా ‘రెబ్కా’ అని మొదలుపెట్టాడు. వెంకటనారాయణ గారు నా వైపు దీనంగా చూశారు. నాకు ఇక ఓపిక లేదు. కుంచె లాక్కున్నాను.

“ఎవరివిరా ఈ పేర్లు?”

ఎనిమిదేళ్లలో ఆ ప్రశ్న ఎవరైనా అడగడం అదే మొదటిసారి. వాడు ఎప్పటిలాగే పూర్తిగా జవాబు చెప్పాడు.

“కాయ కోసేవాళ్లవి బాబాయ్. ఈ చేలో రెబ్కా పిన్ని ముఠా కోస్తది. పదకొండు మంది. మోటారు కాలితే చేను ఎండుద్ది. చేను ఎండితే వీళ్లకు కోత ఉండదు. కోత లేకపోతే వేరే ఊరు పోతారు. మోటారు ఎవరిదో వాళ్ల పేరు రాయాలన్నారుగా. వీళ్లది కూడా.”

వాడి జవాబు ఇంకా అవలేదు.

“నాకు పన్నెండేళ్లప్పుడు అమ్మమ్మ కోసే చేలో మోటారు కట్టించిన నాలుగో రోజుకే కాలింది. చేను ఎండింది. అమ్మమ్మ పొగాకు పనికి ఒంగోలు పోయింది. నన్ను పిన్ని వాళ్లింట్లో పెట్టింది. అరవై ఏడు రోజులు అమ్మమ్మ లేదు. కాలిన తీగ గట్టు మీద పడేశారు. నేను విప్పి లెక్కపెట్టా. నూట పన్నెండు. మోటారు మీద పసుప్పచ్చ రంగుతో మీ షాపు పేరుంది.”

నాకు ఆ మోటారు గుర్తొచ్చింది. మా బావమరిది పెళ్లి ఆ రోజు. తీగ అయిపోయింది, ఇంకో చుట్ట కొట్టు నుంచి తెప్పించే ఓపిక లేదు, బస్సు తప్పితే బిరియానీ తప్పుతుంది. ఏం కాదులే అనుకున్నాను. అది ఒకావిడను ఒంగోలు పంపించిందని, ఒక పసివాడు ఇంట్లో కూర్చుని రోజులు లెక్కపెట్టాడని నాకు ఎట్లా తెలుస్తుంది. చాలా సిగ్గేసింది. నా కళ్లు మసకబారడం వయసు వల్లే అనుకుంటున్నారేమో, ఆ పూట మాత్రం కాదు.

“మరి నా మీద కోపం లేదురా?” అన్నాను.

“లేదు బాబాయ్. మీ దగ్గర లెక్కపెట్టేవాళ్లు లేరు. అందుకే ఈ షాపుకు వచ్చా.”

ఏడు షాపుల్లో నా షాపును వాడు ఎందుకు ఎంచుకున్నాడో అట్లా తేలింది. ఎలీసమ్మ నవ్వు దాచుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది కానీ భుజాలు కదులుతూనే ఉన్నాయి. “వాడు ఆ రోజు బోర్డు చదవగానే నాకు తెలుసు లాల్ భాయ్. మీరు బాధపడతారని చెప్పలా” అంది. వెంకటనారాయణ గారు ఆదాం చేతులు రెండూ పట్టుకుని, “ఈ ముక్క మా ఇంటికొచ్చి చెబుతావా నాయనా?” అన్నారు. ఆదాం ఆటోలో మోటారుతో పాటు వెళ్లి, సుబ్బరావమ్మ గారికి పదకొండు మంది గురించీ చెప్పి వచ్చాడు. ఆ ఇంట్లో ఆయనకు మళ్లీ వేడన్నం పుట్టింది. మర్నాడు పొద్దున చేనుకు నీళ్లు పారాయి.

ఆ మర్నాడే సాయంత్రం అయిదింటికి కారు మళ్లీ వచ్చింది. వీరాంజనేయులు గారు పిలవకుండా, పలకరించకుండా బల్ల మీద కూర్చున్నారు. ముందురోజు టీ తాగినప్పుడు బాలు ఆయనకు ఎనిమిదేళ్ల కథ మొత్తం చెప్పాడట. ఆదాం సెట్టు పూర్తిచేసి తల ఎత్తాక, ఆయన ఒక కాగితం చేతికిచ్చారు. ఇరవై ప్రశ్నలూ టైపు చేయించి తెచ్చారు. ఆదాం ఒక్కొక్కదానికీ జవాబు రాసుకుంటూ పోయాడు. చివరిది, మా దగ్గర చేరడానికి నీ షరతులేమిటి అన్నది. దాని కింద వాడు ఇట్లా రాశాడు: ‘కోతలు అయ్యేదాకా రాను. చేలు ఎండితే మీ స్టోరులో పెట్టడానికి కాయ ఉండదు. తర్వాత వస్తాను. అమ్మమ్మ కూడా వస్తుంది. ప్రశ్నలు కాగితం మీద.’

ఆయన రెండుసార్లు చదువుకుని, మడిచి జేబులో పెట్టుకుని, ఏప్రిల్ మొదటి తేదీకి రమ్మన్నారు. ఎలీసమ్మ ఆ రోజు బజారులో ఎదురైన వాళ్లందరికీ జిలేబీ పంచింది.

ఇప్పుడు ఆదాం గుంటూరులో ఉన్నాడు. వాడి గది తలుపు దగ్గర ఎలీసమ్మ కుర్చీ వేసుకుని కూర్చుని, వచ్చిన ప్రతి ఇంజనీరునూ ఆపి, అడగవలసింది రాసి తెమ్మంటోందట. పలక మాత్రం నా దగ్గరే ఉంది. మే నెలలో బెండ తోట వేసిన ఒక రైతు మోటారు తెచ్చాడు. చాలా రోజుల తర్వాత నేనే చక్రం ముందు కూర్చున్నాను. నూట పంతొమ్మిదో చుట్టులో ఉండగా బాలు, అలవాటు తప్పి, “లాల్ భాయ్, టీ పెట్టమంటారా?” అన్నాడు. పెట్టమన్నాను. తిరిగి చూసుకుంటే నూట పంతొమ్మిదో, నూట పద్దెనిమిదో తెలియలేదు. నోటిదాకా వచ్చింది ఆ మాట. అన్నం క్యారియర్ తెచ్చిన నస్రత్ గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది. మొత్తం విప్పి, ఒకటి నుంచి మొదలుపెట్టాను. బాలు ఈ వార్త బజారంతా చెప్పి వచ్చాడు. బెండకాయలు కోసేవాళ్ల పేర్లు చెప్పమని రైతును అడిగితే అతను నన్ను వింతగా చూశాడు కానీ చెప్పాడు. రాశాను.

ఆ ఆదివారం చర్చి అయ్యాక ఆదాం వచ్చాడు. పలకరింపూ అదీ ఏమీ లేదు. సరాసరి బల్ల దగ్గరికి వెళ్లి, నేను ఇంకో మోటారుకని కట్టి, అందులో దించకుండా పెట్టిన సెట్టు తీసుకుని చుట్లు లెక్కపెట్టాడు. నూట ఇరవై ఆరు అన్నాడు. ఇంకోసారి లెక్కపెట్టి మళ్లీ అదే అన్నాడు. నస్రత్ ఉండబట్టలేక, “మీ బాబాయ్ పని ఎట్టా ఉందిరా?” అని అడిగింది.

“ఎనిమిదేళ్లు పట్టింది పిన్నీ” అన్నాడు ఆదాం. “వచ్చింది.”

ఇప్పుడు పెళ్లిళ్లలో నేను ఈ మాటే చెప్పుకుంటున్నాను.